ఆకలి నెలలు: మంగోచి డైరీ

24 నవంబర్ 2024, ఆదివారం

షిరే నది వంతెన, పక్కనే పాతకాలపు గడియార స్తంభం, ఆ తర్వాత బజారు. మలావీలోని ఈ మంగోచి ఊరంతా ఇదేనా అనిపిస్తుంది మొదట చూసినవాళ్ళకి. వాన జాడ లేదు. ఒకటే ఉక్క. సరస్సు మీది గాలి పొద్దు వాలితే గానీ తిరగదు.

వారమంతా ఆరోగ్య కేంద్రం వరండాలో శిక్షణ. నా పని పిల్లల్ని కొలవడం నేర్పడం. పరిశోధన పత్రాల్లో ఒక్క వాక్యంతో సరిపెట్టేసే పని. రెండేళ్ళ లోపు పిల్లల్ని బల్ల మీద పడుకోబెట్టి కొలవాలి. ఒకరు తలను రెండు అరచేతుల మధ్య పట్టుకుని, నెత్తి చెక్కకు తగిలేలా, చూపు సూటిగా పైకి ఉండేలా చూడాలి. ఇంకొకరు మోకాళ్ళు మెత్తగా అదిమి, అరికాళ్ళకు ఆనేదాకా కింది పలకను జరపాలి. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే మిల్లీమీటర్లు చదవాలి. ఆ తర్వాత ఇద్దరూ చోట్లు మారి మళ్ళీ కొలవాలి. రెండు కొలతలకీ 7 మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే మొదటికి రావాలి.

ఇంత పట్టుదల ఎందుకని ఒక కుర్రాడు అడిగాడు. ఏడాదిపాటు అదనపు ఆహారం పెట్టిన అధ్యయనాల్లో కూడా పిల్లల పొడవులో సగటున కనిపించే తేడా అర సెంటీమీటరు లోపే ఉంటుంది. మన చేతులు వణికితే ఆ తేడా వణుకులో కలిసిపోతుంది. అది చెప్పాక అందరూ బల్ల దగ్గరికి జరిగారు.

ఇంకో ప్రశ్న. "మేడమ్, మా జనమే పొట్టివాళ్ళేమో కదా?" మా అనంతపురం జిల్లాలోనూ అంగన్‌వాడీ టీచర్లు ఇదే అడిగేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో తెచ్చిన ఎదుగుదల ప్రమాణాలకు ఆరు దేశాల పిల్లల్ని కొలిచారు. వాటిలో ఘానా ఉంది, మన ఢిల్లీ ఉంది. తల్లిపాలు, తిండి, శుభ్రత కుదిరిన ఇళ్ళలో అన్నిచోట్లా పిల్లలు దాదాపు ఒకేలా పెరిగారు. పొట్టితనాన్ని జాతి మీదికి నెట్టే వీలు అప్పుడే పోయింది.

8 డిసెంబర్ 2024, ఆదివారం

అమ్మ ఫోన్. "యాడ చూసినా మొక్కజొన్నే అంటాండావు, మరి ఏం తింటాండావే?" న్‌సిమా అని చెప్పాను. మన సంగటిలాగే ఉంటుంది, కాకపోతే తెల్లగా. ముద్ద చేసి, గుమ్మడాకు కూరలోనో ఎండుచేపల పులుసులోనో అద్దుకుని తినడమే. అమ్మకి మనసు కుదుటపడింది.

ఈ తెల్లదనంలోనే ఒక చిక్కుంది. మొక్కజొన్నను దంచి, పొట్టు తీసి, నానబెట్టి, ఎండబెట్టి, మళ్ళీ మర పట్టిస్తే వచ్చేది మల్లెపూవు లాంటి పిండి. పొట్టుతోపాటు విటమిన్లు, ఇనుము, జింకు చాలావరకు పోతాయి. పొట్టు తీయకుండా పట్టించిన పిండిని మ్‌గైవా అంటారు. బలం అందులోనే ఎక్కువ. కానీ అతిథికి మ్‌గైవా పెడితే ఇల్లు గడవడం లేదని ఊరంతా చెప్పుకుంటుంది. మన దగ్గర దంపుడు బియ్యం, జొన్నరొట్టె అనుభవించిన చిన్నచూపే.

ఇవాళ ఒక అగోగో, అంటే అమ్మమ్మ, మనవరాలికి ఫాలా కాస్తుంటే పక్కన కూర్చున్నాను. చారెడు తెల్లపిండి, చెంబెడు నీళ్ళు, చిటికెడు ఉప్పు. అంతే. పలచటి జావ. ఎనిమిది నెలల బిడ్డ పొట్టలో ఒకసారికి పావు లీటరు పడితే ఎక్కువ. నీళ్ళ జావతో ఆ కాస్త చోటూ నిండిపోతుంది, బలం మాత్రం చేరదు. చిక్కగా చేస్తే బిడ్డ మింగలేదు. టాంజానియాలో దీనికో ఉపాయం ఉంది. మొలకెత్తించి ఎండబెట్టిన గింజల పిండి, కిమేయా, ఒక్క చెంచా కలిపితే చిక్కటి జావ కూడా జారుగా మారుతుంది. మన రాగిమాల్ట్ వెనకున్న శాస్త్రమూ ఇదే.

ఎండు ఉసిపా పొడి కలపొచ్చు కదా అన్నాను. ఉసిపా మన నెత్తళ్ళంత చేప, సరస్సు ఒడ్డున వెదురు తడికల మీద ఎండుతూ ఉంటుంది. అగోగో నవ్వి, నిరుడు గుప్పెడు వచ్చిన డబ్బుకి ఇప్పుడు వేళ్ళ సందుల్లోకి కూడా రావడం లేదంది. నిరుడు నవంబర్‌లో మలావీ క్వాచా విలువను ఒక్క రోజులో 44 శాతం తగ్గించారు. ఈ మార్చిలో ఎల్ నీన్యో కరవుకి 28 జిల్లాల్లో 23 జిల్లాలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించారు. అగోగో లెక్కల్లో ఈ రెండూ ఉన్నాయి.

20 డిసెంబర్ 2024, శుక్రవారం

ఆసుపత్రి పోషణ వార్డు. మంచాలు ఇప్పుడే నిండుతున్నాయి. జనవరి, ఫిబ్రవరిలో చోటుండదని నర్సు చెప్పింది. పాత పంట గాదెలు ఖాళీ అయి, కొత్త పంట ఏప్రిల్‌కి గానీ చేతికి రాని నెలలివి.

తలుపు పక్క మంచంలో రెండేళ్ళ బాబు. ముఖం ఉబ్బి ఉంది. పాదం మీద బొటనవేలితో నొక్కి, మూడు సెకన్లు ఆగి తీశాను. గుంట అలాగే ఉండిపోయింది. జుట్టు రాగిరంగు తిరిగింది, పిక్కల మీద చర్మం పెచ్చులు లేస్తోంది. క్వాషియోర్కర్. చూసేవాళ్ళకి బొద్దుగా ఉన్నట్టే కనిపిస్తాడు. వాళ్ళమ్మ కూడా మొదట ఒళ్ళు చేశాడనే అనుకుందట. సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ 1933లో గోల్డ్ కోస్ట్, అంటే నేటి ఘానా, పిల్లల్లో దీన్ని వర్ణించింది. మొక్కజొన్న మీదే బతికే పిల్లలకి వస్తోందని అప్పుడే రాసింది.

ఇలాంటి బిడ్డకి మొదట్లో బలమైన తిండి పెడితే ప్రాణం మీదికొస్తుంది. ఎఫ్-75 అనే తేలికపాటి పాలు కొంచెం కొంచెంగా పట్టాలి. వాపు తగ్గుముఖం పట్టి, ఆకలి తిరిగొచ్చాక చిపోండే. వేరుశనగ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు, ఖనిజాలు. 92 గ్రాముల పొట్లం, 500 కేలరీలు. నీళ్ళు కలిపే పని లేదు కాబట్టి సూక్ష్మజీవులు పెరగవు, పొయ్యి అక్కర్లేదు, ఇంట్లోనే పెట్టుకోవచ్చు.

ఈ చివరి మాటే అసలు మలుపు. ఇదివరకు తల్లులు వారాల తరబడి ఆసుపత్రిలోనే పడి ఉండేవారు. ఇంటి దగ్గర మిగతా పిల్లలు, చేను, అన్నీ గాలికి. విసుగెత్తి మధ్యలోనే వెళ్ళిపోయేవారు. ఆంద్రే బ్రియాండ్ 1990లలో ఫ్రాన్స్‌లో ఈ ముద్దకు రూపమిచ్చాడు. మార్క్ మనారీ బృందం 2001 నుంచి ఇక్కడి పిల్లలకు ఇళ్ళలోనే వైద్యం చేసి చూసింది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ తదితర ఐరాస సంస్థలు ఇదే పద్ధతి అనుసరించమని కలిసి ప్రకటించాయి. ఏ బిడ్డకు ఈ వైద్యం కావాలో దండకు చుట్టే రంగుల పట్టీ చెబుతుంది: చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల లోపుంటే ఎరుపు, 12.5 దాకా పసుపు, ఆపైన ఆకుపచ్చ. చదువురాని తల్లి కూడా కొలవగలదు.

చావు అంచున ఉన్న బిడ్డను వెనక్కి లాగడం మనకి తెలిసింది. ఇది చిన్న విజయం కాదు.

11 జనవరి 2025, శనివారం

వానలు పట్టాయి. ఆడవాళ్ళంతా కలుపులో. ఎనిమిదేళ్ళ అక్క వీపున చితెంజే గుడ్డలో చంటిది. మామిళ్ళు అయిపోవచ్చాయి. డిసెంబరంతా పిల్లల కడుపులు కాసింది మామిడి చెట్లే.

ఒక ఇంట్లో కవలలు. ఒకే రొమ్ము, ఒకే జావ, ఒకే చాప. ఒకడి పట్టీ ఆకుపచ్చ, రెండోవాడిది పసుపు, ఎరుపుకి దగ్గర. తల్లి నా ముఖం వంక చూసింది, నేనేమైనా తప్పుపడతానేమోనని.

ఆమె తప్పేం లేదు. మలావీలోనే 317 కవల జంటలను మూడేళ్ళ వయసు వచ్చేదాకా గమనించి 2013లో సైన్స్ పత్రికలో ఫలితాలు వేశారు. సగం జంటల్లో ఇద్దరూ బాగున్నారు. 43 శాతం జంటల్లో ఒకరే చిక్కిపోయారు. ఇద్దరూ చిక్కినవి 7 శాతమే. క్వాషియోర్కర్ వచ్చిన బిడ్డ పేగుల్లోని సూక్ష్మజీవులను, ఏ క్రిమీ లేకుండా పెంచిన ఎలుకల్లోకి ఎక్కించి మలావీ తిండి పెడితే ఆ ఎలుకలు బరువు కోల్పోయాయి. తిండి ఒక్కటే కాదు, దాన్ని ఇముడ్చుకునే పేగు సంగతీ చూడాలి. ఈ ఊళ్ళలో పిల్లలు పాకే నేల, కోళ్ళు తిరిగే నేల ఒకటే. విరేచనాలు పట్టకపోయినా పేగు లోపలి పొర నిత్యం వాచి, అరిగి ఉంటుంది.

వాళ్ళమ్మకి ఇదంతా చెప్పలేదు. "ఇద్దరికీ నీ చెయ్యి ఒకటే, అమయి. వాడి పేగు బలహీనంగా ఉంది, వచ్చే వారం ఆరోగ్య కేంద్రానికి తీసుకురా" అన్నాను. ఆమె ఊపిరి పీల్చుకుంది.

2 ఫిబ్రవరి 2025, ఆదివారం

భోజనాల దగ్గర ఒకటే చర్చ. జనవరి 20న అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని 90 రోజులపాటు ఆపింది. ఇక్కడ ఎవరి జీతం ఎక్కణ్ణించి వస్తుందో ఎవరికీ పూర్తిగా తెలియదు. ఇప్పుడు అందరూ ఆరా తీస్తున్నారు. చిపోండే లాంటి పొట్లాలు ఎక్కువగా కొనేవాళ్ళలో అమెరికా ఒకటి. వార్డులో నర్సు గోదాము తలుపు తీసి పెట్టెలు లెక్కపెట్టుకుంటోంది. ఆకలి నెలలు సగంలో ఉన్నాయి. నిరుటి కరవు తర్వాత ఈ కాలానికి 57 లక్షల మందికి తిండి కొరత తప్పదని ముందే అంచనా వేశారు.

1984 నుంచి పేద దేశాల ఆరోగ్య సర్వేలు నడిచింది కూడా ఆ డబ్బుతోనే. మలావీలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో గిడసబారినవారు 2010లో 47 శాతం, 2015–16లో 37 శాతం అని చెప్పగలుగుతున్నామంటే ఆ సర్వేల వల్లే. కొలవడం ఆగితే పిల్లలు ఎంత ఎదుగుతున్నారో, ఎందరు ఎదగడం లేదో చెప్పేవారుండరు. అప్పుడు ఏ మంత్రి ఏ మాట చెప్పినా చెల్లిపోతుంది.

16 ఫిబ్రవరి 2025, ఆదివారం

రోజుకొక గుడ్డు పెడితే పిల్లలు పొడుగవుతారా?

ఈక్వెడార్ కొండల్లో 163 మంది పిల్లలతో చేసిన ప్రయోగం 2017లో అచ్చయింది. ఆరు నెలలు గుడ్డు తిన్నవాళ్ళలో గిడసబారడం 47 శాతం తగ్గింది. పోషణరంగం సంబరపడింది. మన దగ్గర అంగన్‌వాడీ గుడ్డు మీద వాదనలు జరిగినప్పుడు నేనూ ఆ పత్రాన్నే చూపించేదాన్ని. అదే ప్రయోగాన్ని ఇక్కడ, ఈ మంగోచిలో, 2018లో 660 మంది పిల్లలతో చేశారు. పేరు మజీరా, గుడ్లని అర్థం. గుడ్లు ఇంటికే తెచ్చిచ్చారు, పిల్లలు తిన్నారు. పొడవులో తేడా రాలేదు.

ఎందుకు? ఇక్కడి పిల్లలు అప్పటికే చేప రుచి ఎరిగినవారు, మాంసకృత్తులు కొంత అందుతున్నాయి. మొదలుపెట్టేనాటికి గిడసబారినవారు ఇక్కడ 14 శాతమే, ఈక్వెడార్‌లో 38. గుడ్డు తీర్చగల లోటు అక్కడ ఎక్కువ.

ఇదొక్కటే కాదు. గర్భిణులకు, ఆ తర్వాత పిల్లలకు పోషకాలు కలిపిన వేరుశనగ ముద్దను కొద్దికొద్దిగా ఇస్తే ఘానాలో పిల్లల పొడవు పెరిగింది, మంగోచిలో పెరగలేదు. జింబాబ్వేలో 5,280 మంది గర్భిణులతో మొదలైన షైన్ ప్రయోగంలో మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే ఏర్పాట్లు పిల్లల పొడవును కదిలించలేదు, పోషకాల ముద్ద కొంచెం కదిలించింది. 14 ప్రయోగాలు కలిపి చూస్తే ఆ ముద్దతో గిడసబారడం 12 శాతం తగ్గింది. ఉన్నంతలో మేలే. అయితే చిపోండే చిక్కిన బిడ్డను వారాల్లో నిలబెట్టినట్టు, గిడసబారిన బిడ్డను పెంచే పొట్లం ఏదీ లేదు.

రెండూ ఒకే జబ్బు కాదు. చిక్కిపోవడం నెలల్లో జరుగుతుంది, నెలల్లోనే తిరుగుతుంది. గిడసబారడం అమ్మ కడుపులోనే మొదలై, రెండేళ్ళలో ముగుస్తుంది. దాతలు రెంటినీ ఒకే కరపత్రంలో, ఒకే బిడ్డ బొమ్మ కింద అచ్చేస్తారు. చిపోండే సాధించిన ఘనత చూపించి పొడవుకీ అలాంటి పొట్లం ఇదిగో వస్తోందని నమ్మిస్తారు. సున్నా వచ్చిన ప్రయోగం గురించి ఆ కరపత్రంలో ఎక్కడా ఉండదు. నాకైతే మజీరా సున్నా మీద చాలా గౌరవం ఉంది. మూడు నాలుగు కోట్ల గుడ్లు కొనేముందు ఏ ఊరికి ఏ లోటుందో చూసుకోమంటోంది అది. గుడ్డు పెట్టొద్దని మాత్రం కాదు.

5 మార్చి 2025, బుధవారం

రంజాన్ మొదలైంది. ఈ ఒడ్డున యావో తెగవాళ్ళు ఎక్కువ, చాలామంది ముస్లింలు. గర్భిణుల క్లినిక్‌లో ఒకామె అడిగింది: "ఉపవాసం ఉండొచ్చా?" గర్భిణికి మినహాయింపు ఉంది, కాకపోతే తర్వాత ఒంటరిగా తీర్చుకోవాలి. అందరితోపాటు ఉండడమే నయమంటుంది ఆమె. నర్సు వాదించలేదు. ఆమె బరువు చూసింది, కనురెప్ప లాగి రక్తం చూసింది, మలేరియా మాత్రలు తన ముందే మింగించింది. మావిలో మలేరియా చేరితే బిడ్డ బరువు పడిపోతుంది. "ఈ నెల ఆగమ్మా, పంట వచ్చాక తీర్చుకుందువు" అంది. ఆమె భర్త జొహానెస్‌బర్గ్‌లో ఉన్నాడు. కలుపు, నీళ్ళు, కట్టెలు, మర, అన్నీ ఆమే.

గాంబియాలో కెనెబా అనే ఊరుంది. 1950 ప్రాంతం నుంచి బ్రిటిష్ వైద్య పరిశోధకులు అక్కడ పుట్టుకలు, బరువులు రాసిపెడుతూ వచ్చారు. అక్కడా వానాకాలమే ఆకలి కాలం, పొలం పనులు అప్పుడే. ఆ నెలల్లో పుట్టినవాళ్ళు యవ్వనంలో అంటురోగాలతో చనిపోయే ప్రమాదం పది రెట్ల దాకా ఎక్కువని 1997లో తేల్చారు. అదే ఏడు ఇంకో పత్రం: 28 ఊళ్ళలో గర్భిణులకు వేరుశనగ, బియ్యప్పిండి, చక్కెర, నూనెతో చేసిన బిస్కట్లు రోజూ పెట్టారు. ఆకలి కాలంలో పుట్టిన బిడ్డల బరువు 201 గ్రాములు పెరిగింది, పంట కాలంలో 94. చచ్చి పుట్టే బిడ్డలు దాదాపు సగానికి తగ్గారు.

తల్లికి, సరైన నెలలో, కడుపునిండా. దాదాపు ముప్పై ఏళ్ళ కిందటి పత్రం. మేము ఇంకా బిడ్డ చేతిలో ఏం పెట్టాలా అని వెతుకుతున్నాం.

23 మార్చి 2025, ఆదివారం

పచ్చి కంకులు వచ్చాయి. ఊరి ముఖమే మారింది. పోషణ వార్డులో ఒక మంచం ఖాళీ.

వేరుశనగ కూడా పీకుతున్నారు. అనంతపురం దాన్ని కదా, కట్టె పట్టుకుని కాయలు దులిపేసరికి ఆడవాళ్ళు ఘొల్లుమని నవ్వారు. సీజీ 7 రకమట. 1990లో మలావీలో విడుదలైంది, ఇక్రిశాట్ వాళ్ళది. మా జిల్లా వేరుశనగ రైతులకి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కొత్త పేరు కాదు. లిలాంగ్వే పక్కన చితెద్జెలో దాని కేంద్రముంది.

పోయినేడు కాయలు గోనెలో మిగిలితే ఒకామె వాటి మీద నీళ్ళు చిలకరించి ఒలుస్తోంది. తొక్క మెత్తబడి వేళ్ళు నొప్పెట్టవు. మా అమ్మ తరమూ అంతే చేసింది. ఆ తడికే బూజు పడుతుంది, బూజు నుంచి అఫ్లటాక్సిన్. బెనిన్, టోగో పిల్లల్లో దాదాపు అందరి రక్తంలోనూ ఈ విషం జాడ కనిపించిందని, ఎక్కువున్న పిల్లలే ఎక్కువ పొట్టిగా ఉన్నారని 2002లో రాశారు. దాన్ని చవగ్గా పసిగట్టే పరీక్షను పటాన్‌చెరులోనే తయారుచేశారు. ఇక్కడి రైతుసంఘం ఎగుమతి కాయలకు అదే వాడింది.

అందులో నా కడుపు మండే విషయమొకటి. పరీక్ష నెగ్గిన కాయ ఓడెక్కుతుంది. నెగ్గనిది, నల్లబడినది, ముడుతలు పడినది ఊళ్ళోనే మిగులుతుంది. దాన్ని దంచి న్‌సిన్‌జిరో చేసి కూరలో కలుపుతారు. చంటిబిడ్డకి బలమని పెట్టేదీ అదే.

26 ఏప్రిల్ 2025, శనివారం

కోతలు. ప్రతి వాకిట్లో కంకుల కుప్ప. పిల్లల దండ పట్టీలు ఆకుపచ్చకి తిరుగుతున్నాయి. ఎరుపు అంచు నుంచి బయటపడిన కవల తమ్ముడు ఇవాళ నా పెన్ను లాక్కున్నాడు. పొడవులో మాత్రం అన్న కంటే వెనకే ఉన్నాడు, ఉంటాడు కూడా.

సాయంత్రం మా బృందంతో మాటలు. వచ్చే ఏడాది మళ్ళీ ఆరు నెలల పిల్లల దగ్గరే మొదలుపెడదామన్నారు. జాబితా సిద్ధం, బల్లలున్నాయి, ఖర్చు తక్కువ. నేను ఒప్పుకోలేదు. ఆకలి నెలల్లో కడుపుతో ఉన్నవాళ్ళ దగ్గర మొదలుపెట్టమన్నాను. బరువు, దండ, రక్తం, మలేరియా మాత్రలు, డిసెంబరు నుంచి మార్చి దాకా ఆమె ఏం తిన్నది, రోజుకి ఎన్ని గంటలు కలుపు తీసింది, ఎంత దూరం నీళ్ళు మోసింది. అలా చేస్తే ఫలితం చేతికి రావడానికి మూడేళ్ళు పడుతుంది, డబ్బిచ్చేవాళ్ళు పన్నెండు నెలల్లో గ్రాఫు అడుగుతారని మా సమన్వయకర్త అన్నాడు. నిజమే. అయినా గర్భం తొమ్మిది నెలలు, బిడ్డ రెండేళ్ళు. ఆ గడువు మేము కుదించగలిగేది కాదని నేనూ అన్నాను.

చివరికి సగం సగం ఒప్పందం. పిల్లల సర్వే నడుస్తుంది. గర్భిణుల క్లినిక్‌లో పని గంటల ప్రశ్నలు ఒక పేజీ చేరుస్తారు. ఆ పేజీ చిచేవా, యావో భాషల్లో రాయించి, జూన్ శిక్షణకల్లా పరీక్షించి ఇవ్వాలి. రేపటి నుంచే మొదలుపెట్టాలి.